తెగేదాకా లాగి చూశాక

పోయిన ఎండాకాలం మా బావమరిది జగిత్యాలలో ఇల్లు మొదలుపెట్టాడు. పిల్లర్ల రింగులు వంచే రోజు నన్ను రమ్మన్నాడు. నేను వెళ్లేసరికి రాడ్ బెండింగ్ మేస్త్రి ఒక రింగు చేతిలో పట్టుకుని దాన్నే చూస్తూ నిలబడి ఉన్నాడు. 8 ఎంఎం రాడ్డు. హుక్కు తిప్పిన చోట బయటివైపు వెంట్రుక మందాన పగులు. ఇంకో రెండు వంచాడు. ఒకటి మళ్లీ పగిలింది. ఇంకోటి టప్పున విరిగి, ముక్క ఎగిరి ఇసుకలో పడింది.

"గట్టి స్టీలు సార్ ఇది. గట్టిగున్నది కాబట్టే ఇరుగుతున్నది" అన్నాడు మేస్త్రి.

ఫిర్యాదుగా అనలేదు, మెచ్చుకోలుగా అన్నాడు. మా బావమరిది మొహంలోనూ కాస్త గర్వమే కనిపించింది. దుకాణంలో 500 ఉంది, 550 ఉంది, 600 ఉంది అన్నారట, రాడ్డు బలం చెప్పే నంబర్లవి. "ఇల్లు ఒక్కసారే కట్టుకుంటాం గద బావా" అని అన్నిటికన్నా పెద్ద నంబరు తెచ్చుకున్నాడు. నెలకు ఇన్ని జీబీలని ఫోన్ ప్లాన్ తీసుకున్నట్టు.

నేను పదకొండేళ్లు ఒక మెటీరియల్ టెస్టింగ్ ల్యాబులో పనిచేశాను. రాడ్లు తెగేదాకా లాగడమే నా ఉద్యోగం. ఆ అనుభవంతో చెబుతున్నాను, మేస్త్రి చెప్పిన కారణం చాలావరకు నిజమే. తప్పు ఎక్కడంటే, దాన్ని పొగడ్త అనుకోవడంలో.

అతన్ని అనడానికి లేదు. తిరకాసు మన భాషలోనే ఉంది. ఉక్కు మనిషి, ఉక్కు సంకల్పం, ఉక్కు నరాలు, నేరగాళ్లపై ఉక్కుపాదం... ఏది తీసుకున్నా ఉక్కు అంటే వంగనిది, లొంగనిది. నిజానికి వంగనివి లోకంలో చాలా ఉన్నాయి. గాజు వంగదు, కడప బండ వంగదు, పోత ఇనుము వంగదు. వాటితో ఎవరూ పెద్ద వంతెన దూలాలు చేయరు. ఇంజనీర్లు ఉక్కు వెంట పడింది అది వంగుతుంది కాబట్టి. బరువు మోస్తుంది, మోయలేనప్పుడు సాగుతుంది, సాగుతూ కూడా మోస్తుంది, చివరికి తెగుతుంది. ఆ మధ్యలో ఉన్న వ్యవధే ఇంజనీరింగ్ అంతా. దాన్ని పట్టించుకోకుండా నంబరు చూసి ఉక్కు కొనడం ఇళ్లు కట్టుకునే మనం చేస్తున్న పెద్ద పొరపాటు అని నా వాదన.

అసలు ఉక్కు అంటే ఏమిటి? ఇనుములో కొంచెం బొగ్గు, అంటే కార్బన్. ఎంత కొంచెమో చూడండి. కిలోకు రెండు గ్రాములుంటే ఇంటి రాడ్డు. ఏడు గ్రాములుంటే రైలు పట్టా. పది పన్నెండు గ్రాములుంటే ఆకురాయి. ఇరవై గ్రాములు దాటాక దాన్ని ఉక్కు అనరు. ముప్పై ముప్పై ఐదు గ్రాములకు వచ్చేసరికి అది పోత ఇనుము, మన దోసె పెనం. చేయి జారి కింద పడితే రెండు ముక్కలయ్యే ఆ పెనంలోనూ ఉన్నది ఇనుమే. టీలో చక్కెర మోతాదు కన్నా చిన్న తేడాతో ఒక లోహం స్వభావమే మారిపోతుంది.

ఎందుకు మారుతుందో మా లెక్చరర్ జంపఖానాతో చెప్పేవారు. పెళ్లిలో పరిచిన పెద్ద జంపఖానాను ఒక అంచు పట్టుకుని లాగితే కదలదు. ఒక చివర ముడత లేపి, ఆ ముడతను తోసుకుంటూ పోతే మొత్తం జంపఖానా బెత్తెడు జరుగుతుంది. లోహంలోని పరమాణువుల వరసలు కూడా ఇలా ముడతల మీదే జరుగుతాయి. స్వచ్ఛమైన ఇనుములో ఆ ముడతలు హాయిగా పాకుతాయి, అందుకే అది మెత్తన. కార్బన్ చేరితే ముడతలకు అక్కడక్కడా అడ్డం పడుతుంది. ఇప్పుడు జరపాలంటే బలం కావాలి, కానీ జరుగుతుంది. జంపఖానా నిండా బండలు పేరిస్తే ఇక ముడత కదలనే కదలదు. ఇంకా గట్టిగా లాగితే జంపఖానా చిరుగుతుంది. మేస్త్రి చేతిలో ఆ రింగు చిరిగింది ఇలాగే.

ఇదేదీ చదవకుండానే మా ఊరి కమ్మరి తాతకు అంతా తెలుసు. మాది మెట్‌పల్లి వైపు పల్లె. బండి చక్రానికి పట్టా వేయడానికి మామూలు ఇనుము తీసేవాడు, గొడ్డలికి లారీ కమాన్ కట్టలోని పట్టీ. ఏది ఏదో తెలియని తుక్కు వస్తే సానకు ఆనించి రవ్వలు చూసేవాడు. మామూలు ఇనుమైతే రవ్వలు పొడుగ్గా, నిటారుగా గీతల్లా పోతాయి. కార్బన్ ఎక్కువున్నదైతే ప్రతి రవ్వా చివర్న కాకరపువ్వొత్తిలా చిట్లుతుంది. ఈ పరీక్షను తర్వాత మా ల్యాబులో పుస్తకం పెట్టుకుని నేర్పించారు. నాకు ఎనిమిదో తరగతిలోనే వచ్చు.

ఆయన కొడవలికి పదును పెట్టేటప్పుడు చూడాలి. ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచేవాడు. సుయ్యిమని ఆవిరి. పని అయిపోయిందని నేను లేచేవాణ్ణి. "ఆగురా, ఇప్పుడిది పిచ్చిగున్నది, రాయికి తాకితే పలుగుతది" అని కూర్చోబెట్టేవాడు. అంచును ఇసుకతో రుద్ది తెల్లగా చేసి, మళ్లీ కొలిమి పక్కన మెల్లగా కాచేవాడు. తెల్లటి ఇనుము మీదికి ఎండుగడ్డి రంగు పాకేది, తర్వాత వంకాయ రంగు, దాని వెనకే నీలం. 230 డిగ్రీలప్పుడు ఒక రంగు, 300 దగ్గర ఒక రంగు. తనకు కావలసిన రంగు అంచుకు చేరగానే మళ్లీ నీళ్లలోకి. ముంచినప్పుడు వచ్చిన గట్టితనంలో కొంత ఇష్టపూర్వకంగా వదులుకుని, ఆ మేరకు విరగని గుణం తెచ్చుకోవడం అన్నమాట. మన భాషలో పదును అనే మాట కత్తికీ వాడతాం, వాన పడ్డాక దుక్కికి వచ్చిన నేలకూ వాడతాం. బురదా కాదు, బెడ్డా కాదు, సరిగ్గా మధ్యన. ఉక్కు మనిషి అన్న మాట పుట్టించినవాళ్ల కన్నా పదును అన్న మాట పుట్టించినవాళ్లకు లోహం బాగా తెలుసు.

ఇంటికి వాడే టీఎంటీ రాడ్డు కూడా ఈ కొలిమి పనే. రోలింగు మిల్లులో ఆఖరి రోలు దాటి దాదాపు 1000 డిగ్రీల వేడితో వచ్చే రాడ్డు మీద ఒక్కసారిగా నీళ్లు కొడతారు. పై చర్మం గట్టిపడుతుంది, లోపల ఇంకా ఎర్రగానే ఉంటుంది. నీళ్లు దాటాక లోపలి వేడి బయటికి వచ్చి ఆ చర్మానికి పదును పెడుతుంది. తాత రెండోసారి కాచిన పని ఇక్కడ రాడ్డు తన కడుపులోని వేడితో తానే చేసుకుంటుంది. రాడ్డును అడ్డంగా కోసి, నునుపు చేసి, నైట్రిక్ ఆమ్లం కలిపిన స్పిరిట్ అద్దితే అంచు చుట్టూ నల్లటి ఉంగరం తేలుతుంది. చుట్టూ గట్టి, లోపల మెత్తన. సైట్లో వంగడం లేదని రాడ్డును గ్యాసు మంటతో ఎర్రగా కాల్చి వంచేవాళ్లను చూస్తే నాకు టెన్షన్ వచ్చేది ఇందుకే. అక్కడికక్కడే ఆ ఉంగరం కరిగిపోయినట్టే.

కొలిమి దాకా వచ్చాక కోనసముద్రం మాట ఎత్తకపోతే మా వైపు వాళ్లు ఊరుకోరు. నిజామాబాద్ జిల్లాలోని ఆ ఊళ్లో మూసల్లో కరగబెట్టిన ఉక్కు కోసం పర్షియా నుంచి వ్యాపారులు వచ్చేవారు. ఊట్జ్ అని పాశ్చాత్యులు పిలిచిన ఉక్కు అది, మన దక్షిణాది మాట ‘ఉక్కు’ నుంచే ఆ పేరు వచ్చిందని చాలామంది పండితుల అభిప్రాయం. దాన్ని అర్థం చేసుకోవాలని 1820 ప్రాంతంలో లండన్‌లో శాస్త్రవేత్త ఫారడే అంతటివాడు ప్రయోగాలు చేశాడు. ఇనుముతో పాటు మూసలో తంగేడు కట్టె, జిల్లేడు ఆకు పెట్టేవారని దక్షిణాదిలో తిరిగిన ఆంగ్లేయులు రాసిపెట్టారు. కట్టె, ఆకు బొగ్గయి ఇనుములోకి చేరేవి. ఇదంతా నిజం, గర్వపడవలసిందే.

కానీ వాట్సాప్‌లో తిరిగే మిగతా కథ ఉంది చూశారూ, ‘ప్రపంచ ఇంజనీరింగ్‌కు పునాది మన ఊట్జ్’ అని, దానితోనే నాకు పేచీ. ఊట్జ్‌లో కార్బన్ ఒకటిన్నర శాతం అటూ ఇటూ, అంటే కిలోకు పదిహేను గ్రాములు. కత్తికి అద్భుతం. దాన్ని తక్కువ ఎరుపులో ఓపిగ్గా సాగగొట్టాలి. తమ అలవాటు ప్రకారం బాగా కాల్చి సమ్మెట వేసిన యూరపు కమ్మరుల చేతుల్లో అది పొడిపొడి అయ్యేది. ఒక్కో మూసలో వచ్చేది చిన్న ముద్ద. దానితో రాజుగారి ఖడ్గం చేయొచ్చు, వంతెన కట్టలేం.

లోకాన్ని మార్చింది మెత్తటి ఉక్కు. 1856లో బెస్సెమర్ అనే ఆంగ్లేయుడు కరిగిన దుక్క ఇనుములోకి గాలి ఊది చూపించాడు. గాలిలోని ఆక్సిజన్ కార్బన్‌ను కాల్చేస్తుంది. ఆ మంటే ఇనుమును వేడిగా ఉంచుతుంది కాబట్టి వేరే కట్టెలు, బొగ్గు అక్కర్లేదు. అరగంట లోపే టన్నుల కొద్దీ ఉక్కు. పెట్టుబడిదారులు లైసెన్సులకు ఎగబడ్డారు. కొన్నాక వాళ్లు తీసిన ఉక్కు చల్లారాక పగలడం మొదలైంది. కారణం భాస్వరం. బెస్సెమర్ వాడిన ఇనుములో అది అదృష్టవశాత్తూ తక్కువ, వీళ్ల ఇనుములో ఎక్కువ. గాలి ఊదితే కార్బన్ పోయింది గానీ భాస్వరం పోలేదు. ఇరవై ఏళ్ల తర్వాత దానికి విరుగుడు కనిపెట్టిన థామస్ ఎవరనుకున్నారు? లండన్ పోలీసు కోర్టులో గుమాస్తా. సాయంత్రాలు కెమిస్ట్రీ చదువుకున్నాడు. బంధువు గిల్‌క్రిస్ట్‌తో కలిసి కొలిమి లోపలి గోడను సున్నపు జాతి ఇటుకలతో కట్టి, సున్నం వేసి భాస్వరాన్ని చిట్టెంలోకి, అంటే కరిగిన ఇనుము మీద తేలే మడ్డిలోకి లాగేశాడు. ఆ చిట్టాన్ని రైతులు ఎరువుగా చల్లుకున్నారు.

అంతకు ముందు వంతెనలకు పోత ఇనుము, లేదంటే చేత ఇనుము, అంటే కార్బన్ దాదాపు లేకుండా సాగగొట్టి తీసిన ఇనుము. 1879 డిసెంబరు 28 రాత్రి గాలివానలో స్కాట్లాండ్‌లోని టే వంతెన రైలుతో సహా నదిలో పడింది. గాలికి ఆసరాగా బిగించిన కడ్డీలను పట్టుకునే పోత ఇనుప చెవులు తెగిపోయాయి. ఆ తర్వాత 1890లో దగ్గర్లోనే ఫోర్త్ వంతెన లేచింది, 50 వేల టన్నులకు పైగా ఉక్కుతో. ఇప్పటికీ రైళ్లు పోతూనే ఉన్నాయి. (ఈఫిల్ టవర్‌ను చాలామంది ఉక్కు అనుకుంటారు. అది చేత ఇనుము. క్విజ్‌లో పనికొస్తుంది.)

ఇక నేను తిన్న అన్నం సంగతి చెబుతాను. మా ల్యాబులో రాడ్లు లాగే మిషన్ పాతది, గడియారం లాంటి డయలు మీద సూది తిరిగేది. 12 ఎంఎం రాడ్డు ముక్క మీద 60 మిల్లీమీటర్ల దూరంలో రెండు గుర్తులు కొట్టి, పైనా కిందా దవడల్లో బిగిస్తాం. సూది లేస్తుంది. ఒక టన్ను, రెండు, మూడు. చూడ్డానికి ఏమీ జరగదు. 500 రకమైతే 5.7 టన్నులు దాటాక ఎక్కడో సూది ఆగుతుంది. మిషన్ లాగుతూనే ఉంటుంది, రాడ్డు సాగుతూనే ఉంటుంది, సూది మాత్రం కదలదు. రాడ్డు మీది నీలపు పొర పెచ్చులుగా రాలి బల్ల మీద పడుతుంది. ఆ రాలే శబ్దం దగ్గరగా ఉంటే వినిపిస్తుంది. ఉక్కు మనతో మాట్లాడేది అప్పుడే. మళ్లీ సూది లేస్తుంది, ఆరు దాటుతుంది. ఒకచోట రాడ్డుకు నడుం సన్నబడుతుంది. సూది వెనక్కి దిగడం మొదలవుతుంది. అప్పుడు తుపాకీ పేలినట్టు ఒక్క చప్పుడు.

కొత్తగా చేరినవాళ్లకు నేనొక పని చెప్పేవాణ్ణి. తెగిన కొన పట్టుకోమనేవాణ్ణి. వేడిగా ఉంటుంది, స్నానం నీళ్లంత. ఎవరూ కాల్చలేదు. లాగిన శక్తంతా సాగడంలో ఖర్చయి వేడిగా మారింది. తర్వాత రెండు ముక్కలూ కలిపి పెట్టి గుర్తుల మధ్య దూరం కొలుస్తాం. 60 కాస్తా 67 దాటాలి, అంటే 12 శాతం. అది 500 రకానికి కనీసం. 500డి అని ఒకటుంది, డి అంటే డక్టైల్, సాగే రకం. దానికి 16 శాతం, అంటే 70 దాకా. 550కి 10 శాతం చాలు, 550డి అయితే పద్నాలుగున్నర. 600కి 10. నంబరు పెరిగేకొద్దీ సాగడం తగ్గుతుందని మన ప్రమాణమే, ఐఎస్ 1786, పట్టిక వేసి చెబుతోంది. డి ఉన్నదాంట్లో గంధకం, భాస్వరం, కార్బన్ పరిమితులు కూడా బిగువు. పాడు రాడ్లూ వచ్చేవి. నడుం సన్నబడకుండా, ముందస్తు కబురు లేకుండా ఠప్పుమనేవి. తెగిన చోటు బల్లపరుపుగా, చక్కెర పలుకుల్లా మెరుస్తూ. పట్టుకుంటే చల్లగా.

పెద్ద నంబరు వేస్తే స్లాబు ఊగదు అని ఇంకో నమ్మకం. ఉక్కులో బిరుసుతనం వేరు, బలం వేరు. మీటరు రాడ్డును చదరపు మిల్లీమీటరుకు 200 న్యూటన్ల చొప్పున లాగితే ఒక మిల్లీమీటరు సాగుతుంది. 415 అయినా అంతే, 600 అయినా అంతే. కార్బన్ మార్చినా పదును మార్చినా ఇది ఇంచుమించు మారదు. పైగా బలమైన రాడ్డు కదా అని సంఖ్య తగ్గిస్తే స్లాబు ఇంకాస్త ఎక్కువే కుంగుతుంది. ఊగకూడదంటే మందం పెంచాలి, దూలం వేయాలి.

చల్లగా తెగడం అన్నాను కదా, దానికి చరిత్రలో పెద్ద ఉదాహరణ ఓడలు. 1943 జనవరి 16 రాత్రి అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో షెనెక్టడీ అనే కొత్త ట్యాంకర్ రేవులో కట్టేసి ఉంది. అలలు లేవు, తుఫాను లేదు. చలి మాత్రం ఉంది. ఒక్కసారిగా నడిమికి పగిలి విరిగింది. యుద్ధకాలంలో అలా పగిలిన ఓడలు ఇంకా ఉన్నాయి. వెల్డింగుదే తప్పన్నారు ముందు. కేంబ్రిడ్జ్‌లో కాన్‌స్టన్స్ టిప్పర్ అనే ఆవిడ ఆ ఉక్కు ఒక ఉష్ణోగ్రత కిందికి దిగితే సాగే గుణం పోయి గాజులా పగులుతుందని చూపించింది. బలం పరీక్షలో ఆ పలకలు పాసే. మనకు అంత చలి లేదు కదా అంటారు. లేదు. కానీ భాస్వరం ఎక్కువైన కొద్దీ ఆ హద్దు పైకి జరుగుతుంది, మన వాతావరణం వైపు.

మనకు ఉన్నది భూకంపం. అదీ లేదనుకునేవాళ్లం. 1967లో ఒంగోలు, 1969లో భద్రాచలం కదిలిన సంగతి పెద్దవాళ్లకే గుర్తు. 2024 డిసెంబరు 4 ఉదయం ఏడున్నరకు ములుగు దగ్గర 5.3 తీవ్రతతో వచ్చినప్పుడు హైదరాబాద్‌లోనూ విజయవాడలోనూ ఫ్యాన్లు ఊగాయి, ఆ రోజంతా అందరి స్టేటసులూ అవే. భూకంపాలకు తట్టుకునే కట్టడాల ప్రమాణం ఐఎస్ 13920లో నాకు చాలా ఇష్టమైన నిబంధన ఒకటుంది. ఉక్కు చెప్పిన బలం కన్నా తక్కువ ఉండకూడదు, సరే. చెప్పిన దానికన్నా 20 శాతం మించి ఎక్కువ కూడా ఉండకూడదు! డబ్బులిచ్చిన దానికన్నా ఎక్కువ బలం వస్తే ఎవరికైనా చేదా? చేదే. ఎందుకంటే ఇల్లు ఊగినప్పుడు ముందు దూలాల చివర్లు సాగాలి, స్తంభాలు కాదు అని ఇంజనీరు లెక్క కట్టి ఉంటాడు. ఆ సాగే చోట్ల భూకంపం శక్తి వేడిగా ఖర్చవుతుంది, నా చేతికి తగిలిన వేడే అది. అక్కడ రాడ్డు మొండికేస్తే ఆ భారం లెక్కలో లేని చోటుకు పోతుంది. గోడలు పగిలినా సరే, లోపలివాళ్లు బయటికి పరుగెత్తేదాకా పైకప్పు ఆగాలి.

550, 600 పనికిరావని కాదు. పెద్ద వంతెనల్లో, ఎత్తయిన భవనాల్లో రాడ్లు కిక్కిరిసి కాంక్రీటు దిగడానికి సందు లేనప్పుడు అవే దిక్కు. నంబరు మీ ఇంజనీరు చెప్పాలి, దుకాణంవాడు కాదు. మీరు అడగాల్సింది డి అనే అక్షరం, దానితో పాటు ఆ లాటు టెస్ట్ సర్టిఫికెట్. ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అని 1966లో రోడ్డెక్కి 32 మంది ప్రాణాలు పోగొట్టుకున్న జాతి మనది. సర్టిఫికెట్ అడగడానికి మొహమాటపడతాం.

స్టీలు సామాను కొట్లో అయస్కాంతం పెట్టి చూసే అమ్మలు ఈ విషయంలో మనకన్నా నయం, కనీసం పరీక్ష చేస్తారు. ఆ పరీక్షా పూర్తిగా నమ్మలేనిదే. 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉన్న మంచి గిన్నెకు అయస్కాంతం అంటుకోదు, నిజమే. నికెల్ తగ్గించి మాంగనీసు వేసిన చౌక రకానికీ అంటుకోదు. ఉప్పు, చింతపండు తగిలాక కొన్నాళ్లకు గానీ తేడా తెలియదు.

జగిత్యాల కథకు వస్తే, ఆ 8 ఎంఎం రాడ్డు ముక్కలు రెండు పాత ల్యాబుకు పట్టుకెళ్లాను. సాగింది ఏడు శాతం. 600 రకానికి కావలసిన పది కూడా లేదు. మేస్త్రి తప్పు కొంచెం ఉంది, ఆ రకాన్ని రాడ్డు మందానికి ఐదు రెట్లు మందమున్న గుండ్రటి దిమ్మ చుట్టూ వంచి పరీక్షిస్తారు, అతను వేలంత సన్నటి పిన్ను చుట్టూ తిప్పుతున్నాడు. కానీ ఏడు శాతానికి పిన్ను కారణం కాదు. దుకాణంవాడు రెండు రోజులు గొణిగి, రిపోర్టు చూపించాక లోడు వెనక్కి తీసుకున్నాడు. ఇంజనీరు అసలు రాసింది 500. 500డి తెప్పించాం. పిన్నూ మార్పించాం.

కొత్త లోడులో మొదటి రింగు మేస్త్రి నా ఎదుటే వంచాడు. హుక్కు 135 డిగ్రీలు తిరిగింది. బయటి వంపు మీద బొటనవేలు పెట్టి అటూ ఇటూ రుద్ది చూశాడు. పగులు లేదు. రింగును పక్కన పడేసి, మా బావమరిది వినకుండా నా దగ్గరికి వచ్చి అడిగాడు.

"మెత్తగుంది గద సార్ ఇది. రేటు తక్కువ పడిందా?"

కిలోకు కొంచెం ఎక్కువే పడిందని చెప్పాను. నమ్మలేదు.